ఎవరికంటే సీనియర్?

మొన్న సంక్రాంతికి ఉయ్యూరు వెళ్ళినప్పుడు ఒక ఫోనొచ్చింది. చెరుకు ఆడే రోజులు. షుగర్ ఫ్యాక్టరీకి వెళ్ళే ట్రాక్టర్లు రోడ్డు పక్కన వరస కట్టి ఉన్నాయి. ఆ రొదలో అవతలి గొంతు సగమే వినపడుతోంది. అయినా విషయం అర్థమైంది. అంతకు నెల ముందు నేనో కవిత్వ సంపుటి మీద సమీక్ష రాశాను. బాగున్నవి బాగున్నాయన్నాను, చాలా కవితలు ఆ కవే ఇరవై ఏళ్ళ కింద రాసినవాటికి నీడల్లా ఉన్నాయని కూడా అన్నాను. ఫోన్ చేసింది ఆ కవి కాదు, నేను గౌరవించే ఇంకొకాయన.

"నువ్వు రాసింది తప్పని నేననను. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆయన చాలా సీనియర్ కదా నాయనా, అలా రాస్తే ఏం బాగుంటుంది?"

"ఎవరికంటే సీనియర్ సార్?" అన్నాను.

జోకనుకుని నవ్వేసి, పండగ కబుర్లు రెండు చెప్పి పెట్టేశారు. నేను జోకేయలేదు. అసలా ప్రశ్న నాది కాదు, మా నాయనమ్మది. చిన్నప్పుడు డాబా మీద పడుకునే చోటు కోసం నేనూ మా బాబాయి కొడుకూ కొట్టుకునేవాళ్ళం. "నేను పెద్దోణ్ణి, నాకే" అని నేనరిచేవాణ్ణి. "ఎవరికన్నారా?" అనేది నాయనమ్మ. "వాడికన్నా." "మరి నాకన్నా?" అంతే, నోరు పడిపోయేది. చాప ఆవిడ చెప్పినచోటే పడేది.

ఫోన్ పెట్టేశాక తట్టింది. అంత గడుసుగా అడిగిన ప్రశ్న చివర కూడా 'సార్' అనే అన్నాను. ఆ రాత్రి కూర్చుని ఈ రెండు మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. తీరా చూస్తే అవి రెండు మాటలు కావు, ఒకటే.

*

లాటిన్‌లో 'సెనెక్స్' అంటే ముసలి, ముసలివాడు. దాని తర రూపం 'సెనియోర్', అంటే వయసులో ఎక్కువ. తర, తమ అనేవి సంస్కృతంలో విశేషణానికి తగిలించే తోకలు. మనం రోజూ వాడే 'తారతమ్యం' ఆ రెంటిలోంచే వచ్చింది. లాటిన్లో అలాంటి తోకే 'ఇయోర్'. చిన్నవాడికి 'జూనియర్', పెద్దదానికి 'మేజర్', తక్కువదానికి 'మైనర్' అన్నీ ఆ కుదురువే. ఆస్పత్రి ఫారంలో మేజరా మైనరా అని రాసినా, కాలేజీలో జూనియర్ ఇంటర్ అన్నా మనం లాటిన్ తర రూపాలే వాడుతున్నాం. సంస్కృతంలో వీటికి చుట్టాలు కూడా ఉన్నాయి. 'సెనెక్స్'కీ మన 'సనాతన'కీ మూలధాతువు ఒకటే. 'జూనియర్'కీ 'యువ'కీ అంతే. సనాతనం పేరెత్తి ఇంగ్లీషు మీద విరుచుకుపడేవాళ్ళు సీనియర్ సిటిజన్ రాయితీ తీసుకునేటప్పుడు బంధుత్వం కలిపినట్టే.

బళ్ళో మనం డుమువులు వల్లించినట్టు లాటిన్ పిల్లలూ వల్లించాల్సిందే. ప్రథమలో సెనియోర్, ద్వితీయలో సెనియోరెమ్, షష్ఠిలో సెనియోరిస్, చతుర్థిలో సెనియోరీ, పంచమిలో సెనియోరె. మగవాడికీ ఆడమనిషికీ ఒకటే రూపం. ఈ చిట్టాలో మనకి కావలసినవి మొదటి రెండే. పాత ఫ్రెంచి మిగతా విభక్తులన్నీ పారేసి ఆ రెంటినే దాచుకుంది. ప్రథమ అరిగి అరిగి 'సీర్' అయింది, ద్వితీయ 'సెన్యోర్' అయింది. ప్రథమ ఇంగ్లండు చేరి 'సైర్', ఆ తర్వాత 'సర్', అక్కణ్ణుంచి ఓడెక్కి మన దగ్గర 'సార్'. ద్వితీయ వల్లే ఇటలీలో 'సిన్యోరె', స్పెయిన్లో 'సెన్యోర్'. ఫ్రెంచివాళ్ళ 'మొస్యూ'లో రెండో ముక్క కూడా ఇదే. ఇవన్నీ జనం నోళ్ళలో నలిగి వచ్చినవి. 'సీనియర్' మాత్రం చదువుకున్నవాళ్ళు లాటిన్ పుస్తకంలోంచి నేరుగా ఎత్తుకున్నది. అంటే 'మా సీనియర్ సార్' అన్నప్పుడు ఒకే మాటని రెండుసార్లు అంటున్నాం, ఒకసారి ఇస్త్రీ చేసి, ఒకసారి నలగ్గొట్టి.

వయసు చెప్పే మాట దొర అనే అర్థంలోకి ఎలా జారింది? రోములో దానికో లెక్కుండేది. యుద్ధానికి వెళ్ళే వయసువాళ్ళు జూనియర్లు, 46 దాటి ఊరికి కాపలా ఉండేవాళ్ళు సీనియర్లు. రోమ్ పోయాక, భూములూ బలగాలూ ఉన్నవాడి పంచన చేరితే తప్ప బతకలేని కాలం వచ్చింది. ఆ పంచ యజమాని పేరే సీనియర్ అయింది. 847లో మెర్సెన్ దగ్గర ఫ్రాంకుల రాజులు కలిసినప్పుడు ఒక శాసనం వెలువడింది. రాజ్యంలో ప్రతి స్వతంత్రుడూ తనకిష్టమైన ఒక సీనియర్‌ని ఎంచుకోవాలని అందులో ఉంది. ఆ మాట అక్కడ ద్వితీయా విభక్తిలోనే ఉంది. ఎంచుకోవడంలో స్వేచ్ఛ ఉంది గాని ఎంచుకోకుండా ఉండే స్వేచ్ఛ లేదు. అప్పటికి సీనియర్ వయసు ముప్ఫయ్యా డెబ్బయ్యా అని అడిగేవాళ్ళు లేరు.

ఆ శాసనం చదివినప్పుడు నాకు మన సాహిత్య సభలు గుర్తొచ్చాయి. దాన్ని ఎవరూ తెలుగులోకి అనువదించినట్టు లేదు. అయినా బ్రహ్మాండంగా అమలవుతోంది.

*

సీనియర్ అన్న మాటలో పోలిక ఉంది. పోలికకి ఇద్దరు కావాలి. లాటిన్లో 'ఫలానావాడి కంటే' అన్న ముక్క రావాల్సిన చోట పంచమి వాడతారు, సంస్కృతంలోనూ పంచమే. మన బడి పుస్తకం ఏమంది? 'వలనన్, కంటెన్, పట్టి పంచమీ విభక్తి'. సరిగ్గా అక్కడే ఉంది, కంటె.

ఇక్కడ తెలుగు ఒక మంచి పని చేసింది. మన విశేషణానికి తర రూపమే లేదు. పెద్ద కొడుకు, పెద్ద కూతురు, పెద్ద చెట్టు, పెద్ద ఊళ్ళు. లింగం మారినా వచనం మారినా 'పెద్ద' కదలదు, దానికి తోక మొలవదు. పోల్చాలంటే ఎదుటి మనిషిని తీసుకొచ్చి పక్కన నిలబెట్టాల్సిందే. "ఉయ్యూరు కంటే బెజవాడ పెద్దది." ఉయ్యూరు ఊసెత్తకుండా బెజవాడకి 'ఎక్కువ పెద్దరికం' అంటగట్టే వీలు మన వ్యాకరణం ఇవ్వలేదు. తెలుగు విశేషణానికి రూపాల్లేవని చిన్నబుచ్చుకోనక్కర్లేదు, నాకైతే అది నిజాయితీలా కనిపిస్తుంది.

నా ఉద్యోగ భాషలో చెప్తాను. ఒక జాబితాని వరసలో పెట్టాలంటే పోల్చే ఫంక్షన్ ఒకటి రాస్తాం. దానికి రెండు విలువలివ్వాలి, ఏది ముందో అది చెప్తుంది. ఒక్క విలువే ఇస్తే ఎర్రర్ కొడుతుంది. 'సీనియర్ కవి' అనేది ఒక్క విలువతో పిలిచిన పోలిక. కంప్యూటర్ ఒప్పుకోదు. మన సాహిత్య పేజీ ఒప్పుకుంటుంది, పైగా శాలువా కప్పుతుంది.

ఈ జబ్బు లాటిన్‌దొక్కటే కాదని ఒప్పుకుంటాను. 'శ్రేయస్సు' కూడా ఒకప్పుడు 'అంతకంటే మేలైనది' అనే తర రూపమే, దేనికంటేనో మర్చిపోయి నామవాచకమై కూర్చుంది. మన 'పెద్దలు', 'పెద్దాయన' కూడా ఎవరితోనూ పోల్చకుండానే గౌరవం పుచ్చుకుంటాయి. నిజమే. కానీ అవి ఊరికి కనిపించే సంగతి చెప్తున్నాయి. పెద్దాయనంటే వయసు పెద్ద, అంతకుమించి ఏ పోలికా దాచలేదు. సీనియర్ పోలికని లోపల పెట్టుకుని, ఎవరితో అన్నది మాత్రం మింగేస్తుంది. ఆ మింగేసిన చోటులోకి ఎవరైనా వస్తారు. నేనొస్తాను, మీరొస్తారు. 'ఆయన చాలా సీనియర్ కదా' అంటే 'నీకంటే' అని అర్థం. ఎవరూ పైకి అనరు, అంతే.

సినిమావాళ్ళ వాడకం చూడండి, మాట ఎంత దూరం పోగలదో తెలుస్తుంది. 'సీనియర్ హీరో' అంటే అరవై దాటినా హీరోనే. 'సీనియర్ హీరోయిన్' అంటే అమ్మ వేషాలకి వచ్చిన మనిషి. లాటిన్లో మగా ఆడా తేడా లేకుండా ఒకటే రూపం ఉన్న మాట ఇది. రూపం ఇప్పటికీ మారలేదు, అర్థమే రెండుగా చీలింది. ఇక 'జూనియర్ ఆర్టిస్ట్' ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా జనం సీన్లలో నిలబడి తల నెరిసినా జూనియరే. వయసు మాట అన్నది వట్టి ముసుగు. అది చెప్పేది స్థాయి.

*

'సార్' కథ మనకి ఇంకా దగ్గరిది. మా డెల్టాకి కృష్ణ ఆనకట్ట నీళ్ళు 1855 నుంచీ వస్తున్నాయి. ఆ పథకం వెనకున్న ఇంజనీరుకి 1861లో నైట్‌హుడ్ వచ్చింది, ఆయన సర్ ఆర్థర్ కాటన్ అయ్యాడు. మా వైపు రైతులు మాత్రం 'కాటన్ దొర' అన్నారు. తెలిసి అన్నా తెలియక అన్నా అసలైన అనువాదం అదే. ఉయ్యూరు కూడా జమీందారీ ఊరే, నూజివీడు అప్పారావుల వంశంలోంచి చీలిన ఎస్టేటు. 1948 చట్టంతో ఎస్టేట్లు పోయాయి. 1950లో రాజ్యాంగం 18వ అధికరణంతో బిరుదులు పోయాయి. దొర పోయాడు, సర్ బిరుదూ పోయింది, పిలుపు మాత్రం ప్రతి నోట్లోనూ మిగిలింది.

మన విమర్శకి ఆద్యుల్లో ఒకాయనకీ ఆ బిరుదుంది. కట్టమంచి రామలింగారెడ్డి. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' అచ్చయ్యేనాటికి ఆయనకి 33 ఏళ్ళు. ప్రబంధకవుల మీద, వందల ఏళ్ళుగా ఎవరూ వేలెత్తి చూపని పెద్దల మీద, ఆ పుస్తకంలో ఆయన మొహమాటం లేకుండా రాశాడు. ఆ మాటలన్నీ ఒప్పుకోవాలని కాదు, నేనూ ఒప్పుకోను. కానీ అంత పాత కవులకంటే సీనియర్లు ఎవరుంటారు? ఆయనకి 'సర్' వచ్చింది 1942లో. బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయన వైస్ ఛాన్సలర్ అయింది కూడా 1926లోనే. అంటే విమర్శ ముందు, సర్ తర్వాత. మనం ఆ వరసని తిరగేశాం. ముందు సర్ అంటాం, ఆ తర్వాత విమర్శకి చోటు ఉంటుందేమో వెతుక్కుంటాం.

వయసు సంగతి కూడా ఆయనతోనే తేల్చవచ్చు. 'ముసలమ్మ మరణము' ఆయన ఇరవై ఏళ్ళు నిండకముందు రాసిన కావ్యం. పేరుకే ముసలమ్మ, ఊరి చెరువు గట్టు కోసం ప్రాణమిచ్చిన ఆ మనిషి పడుచు కోడలు. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గీతం రాసేనాటికి పాతికేళ్ళు దాటలేదు. తిలక్ 44 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. రోమన్ల లెక్కలో ఆయన చివరిదాకా జూనియరే. ఇవాళ సాహిత్య అకాదెమీ యువ పురస్కారానికి గీత 35 దగ్గరుంది. ఆ గీత దాటినవాళ్ళు సీనియర్ అనిపించుకునేదాకా పాతికేళ్ళు ఏమనిపించుకోవాలో ఎవరూ చెప్పరు. నేనిప్పుడు ఆ గీత మీదే ఉన్నాను గనక అడుగుతున్నాను.

*

ఇక నా నేరం చెప్పుకోవాలి. లేకపోతే ఇదంతా పరాయివాళ్ళ మీద వేళాకోళమవుతుంది.

మూడేళ్ళ కింద ఇంకో పెద్ద పేరున్న రచయిత కథల పుస్తకం మీద రాశాను. మొదటి డ్రాఫ్టులో ఒక వాక్యం ఉంది. చివర్లో దాన్ని తీసేశాను. ఎవరూ తీయమనలేదు. ఆ రచయితని ఒక సభలో కలిశాను, చక్కగా మాట్లాడారు, నేను నాలుగుసార్లు సార్ అన్నాను. ఇంటికొచ్చి ఆ వాక్యం చూస్తే ఎంతో అమర్యాదగా కనిపించింది. దాని స్థానంలో 'సర్ తనదైన శైలిలో' అని ఏదో రాశాను. ఆ వాక్యానికి అర్థమేమిటో నాకిప్పటికీ తెలియదు.

నా టీమ్‌లో ఒక కుర్రాడున్నాడు, గుడివాడ వైపు. తెలుగు పుస్తకాలు చదవడం అప్పుడప్పుడే మొదలుపెట్టాడు. నా సమీక్ష చూసి ఆ పుస్తకం కొన్నాడు. రెండు వారాల తర్వాత టీ దగ్గర అడిగాడు: "అన్నా, నీకు నిజంగా నచ్చిందా అది? నాకే అర్థం కావట్లేదేమో అనుకుంటున్నా." తెలుగు కథ తనకి అందదేమో అని సందేహపడుతున్నాడు. తప్పు నాది, నింద తన మీద వేసుకుంటున్నాడు. ఆఫీసులో అతను రోజూ నా కోడ్ చూస్తాడు. నా హోదాలోనూ సీనియర్ అనే ముక్క ఉంది. ఫలానా లైనులో తప్పుందని ఏ మొహమాటమూ లేకుండా రాస్తాడు, నేను సరిదిద్దుకుంటాను, మధ్యాహ్నం కలిసి భోంచేస్తాం. అదే మనిషికి, అదే వారంలో, ఒక పుస్తకం గురించి నిజం చెప్పలేకపోయాను.

'సార్' వల్ల నష్టపోయేది ఈ పాఠకుడు. రచయిత కూడా కాదు, ఆయనకి నాలుగు పొగడ్తలు తక్కువైనా ఎక్కువైనా పోయేదేం లేదు. మూడు వందలు పెట్టి పుస్తకం కొన్నవాడు రెండోసారి మన మాట నమ్మడు. నాలుగోసారి తెలుగు పుస్తకమే కొనడు. ఆ తర్వాత సభలు పెట్టి పాఠకులు తగ్గిపోయారని బాధపడతాం. ఆ సభ అధ్యక్షులు ఒక సీనియర్.

*

నాకు ఎదురయ్యే మాటలు తెలుసు. మొదటిది, పెద్దల్ని గౌరవించడం మన సంస్కృతి. సరే, గౌరవిద్దాం. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పెన్సిల్ పట్టుకుని చదవడం కంటే రచయితకి పెద్ద గౌరవం ఏముంది? అట్ట మీది నాలుగు మాటలు చదివి సర్ అనడం గౌరవమా? పిలుపే కావాలంటే 'గారు' ఉంది. అది ఎవరినీ కిందకి దించకుండా ఎదుటివారిని నిలబెడుతుంది. ఎనభై ఏళ్ళ పెద్దాయన పాతికేళ్ళ పిల్లని గారు అనొచ్చు. 'సార్' అలా వెనక్కి తిరిగి రావడం ఎప్పుడైనా చూశారా?

రెండోది దీనికంటే గట్టిది. తాతముత్తాతలు ఊళ్ళో 'ఒరే' అనిపించుకున్న ఇంట్లోంచి ఒక మనిషి చదువుకుని, బళ్ళో పాఠం చెప్తే, ఊరంతా ఆయన్ని సార్ అంటే అది చిన్న సంగతి కాదు. ఆ పిలుపు ఆయన గెలుచుకున్నది. జయశంకర్ సార్ అన్నప్పుడు తెలంగాణ జనం గొంతులో ఉన్నది భయం కాదు, ప్రేమ. దాన్ని తీసేయమనడానికి నేనెవర్ని? బడిలో, బజార్లో, ఎదురుపడినప్పుడు అనండి, నేనూ అంటాను. నా పేచీ కాగితం మీదే. సమీక్ష రచయితకి రాసే ఉత్తరం కాదు, పాఠకుడికి చెప్పే సాక్ష్యం. బోనులో నిలబడి నిందితుణ్ణి సార్ అంటే జడ్జి ఏమనుకుంటాడు?

మూడో మాట నా వయసు వాళ్ళది. మేం సార్ అనం, 'బ్రో' అంటాం, మాకీ గొడవ లేదు. ఉంది. బ్రో రాసిన మొదటి పుస్తకానికి బ్రో రాసిన సమీక్షలు నేను చదువుతూనే ఉన్నాను. అక్కడా తీసేసిన వాక్యాలు ఉన్నాయి, భయానికి బదులు స్నేహం తీసేసింది. సీనియర్‌ని ఎంచుకోనివాళ్ళు గుంపుని ఎంచుకున్నారు. కథ బాగోలేదని చెప్తే పోయే స్నేహం అయితే అది కూడా ఒక రకం జమీందారీయే.

ఇంగ్లీషులో 'సర్లీ' అని ఒక విశేషణం ఉంది. ముటముటలాడుతూ ఉండే మనిషిని అంటారు. అదీ 'సర్' లోంచే వచ్చింది, మొదట్లో దానర్థం దొరలా ప్రవర్తించేవాడని. పిలిచి పిలిచి మనమే ఒకరిని దొరని చేస్తాం. తర్వాత చిన్న విమర్శకి ఆయన మొహం మాడ్చుకుంటే ఆశ్చర్యపోతాం.

అందుకని నాకు నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. రాసేటప్పుడు సీనియర్ అనే మాట వచ్చిందా, పక్కన 'ఎవరికంటే' అని రాసి చూడాలి. జవాబుంటే ఉంచాలి, లేకపోతే దాని బదులు నిజమైన వివరం రాయాలి. మొదటి పుస్తకం ఏ సంవత్సరం, మొత్తం ఎన్ని పుస్తకాలు, ఇంతకుముందుదానికీ దీనికీ తేడా ఏమిటి. పాఠకుడికి పనికొచ్చేది అదే. రెండోది, డ్రాఫ్టులో తీసేసిన వాక్యాన్ని ఇంకో ఫైల్లో దాచాలి. వారం తర్వాత చూసి, అబద్ధమని తీశానా భయపడి తీశానా అని అడగాలి. భయపడి తీసింది తిరిగి పెట్టాలి.

మూడేళ్ళ కిందటి వాక్యం ఇంకా ఆ ఫైల్లోనే ఉంది. ఆ పుస్తకం పేరు ఇప్పుడు చెప్తే ఆ రచయితకి అన్యాయం, ఆ సమీక్ష కిందే చెప్పుంటే న్యాయంగా ఉండేది. వాక్యం మాత్రం ఇది: "ఈ కథల్లో పేదవాళ్ళు రచయిత జాలిపడటానికి వీలుగా మాత్రమే మాట్లాడతారు." అమర్యాదేం కనపడట్లేదు. ఆ కుర్రాడికి నిన్న ఇది చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి, "అదే అన్నా, నాకు అర్థం కానిది అదే" అన్నాడు.